జాడీలో ఉన్నది ఎవరు? విక్టోరియన్ కాలపు వికృతజీవుల నవల రాస్తున్నవారికి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకు తెలుస్తుంది. 1880ల లండన్ నేపథ్యంగా ఒక భయానక నవల రాస్తున్నారు. కథానాయకుడు డాక్టరు. లోకం నమ్మని వికృతజీవులను వెతికి పట్టుకుని, కోసి, పరిశీలించి, పుస్తకంలో రాసుకోవడం ఆయన పని. ఐదు అధ్యాయాలు అయ్యాయి. పొగమంచు ఉంది, గుర్రపు బగ్గీ ఉంది, శ్మశానం ఉంది, అర్ధరాత్రి కేక ఉంది. అయినా చదివిన స్నేహితులు "బాగుంది గానీ భయం వెయ్యలేదు" అన్నారు. లోపం ఎక్కడుంది, ఆ రోజుల్లో ఇలాంటి పరిశోధన నిజంగా ఎలా జరిగేది అని అడిగారు.

నేను నవలలు రాయలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మెడికల్ కాలేజీలో అనాటమీ చెప్పాను. అందులో పదహారేళ్ళు మా డిపార్ట్‌మెంట్ మ్యూజియం బాధ్యత నాదే. పుట్టుకలోనే తేడా వచ్చిన శిశువుల స్పెసిమెన్లు, అంటే జాడీల్లో నిలవ చేసిన శరీరాలు, ఒక అలమార నిండా ఉండేవి. రోజూ వాటి మధ్యే తిరిగాను. గోథిక్ నవలలు ఇంటర్ రోజుల నుంచి చదువుతున్నాను. కాబట్టి ఈ రెండూ కలిసేచోట చెప్పడానికి నా దగ్గర కొంత ఉంది.

మీరు పంపిన రెండో అధ్యాయం రెండుసార్లు చదివాను. డాక్టరు చెక్కపెట్టె మూత తీసి, లోపల ఉన్నదాన్ని చూసి, నోట మాట రాక రెండడుగులు వెనక్కి వేస్తాడు. నా ఉద్దేశంలో లోపం సరిగ్గా అక్కడే ఉంది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్న మనిషి వెనక్కి వెళ్ళడు, ముందుకు వంగుతాడు. దీపం దగ్గరికి తెమ్మంటాడు. టేపు తీస్తాడు. పొడవెంత, బరువెంత, పళ్ళెన్ని, ఏ పన్ను అరిగింది, కడుపులో ఏముంది అని వరసగా చూస్తాడు. పక్కన పుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషికి అంకెలు చెప్తాడు. రాసుకునేవాడి చెయ్యి వణుకుతుంది. డాక్టరు గొంతు వణకదు. పాఠకుడికి భయం వేసేది ఆ వణకని గొంతు వల్లే.

ఇది నాకు తరగతిలో తెలిసిన విషయం. ఫస్టియర్ పిల్లలు డిసెక్షన్ హాల్లో మొదటిరోజు శవాన్ని చూసి భయపడతారని అందరూ అనుకుంటారు. కొంత నిజమే. కానీ తర్వాత చనువు పెరిగాక చాలామంది నాతో చెప్పింది వేరు. శవం చేతిని నేను మామూలుగా ఎత్తి పట్టుకుని, "ఇదిగో ఇక్కడ మొదలుపెడదాం" అని పాఠంలోకి వెళ్ళిపోయాను చూడండి, అప్పుడు గుండె జారిందట. ఈ పని అలవాటైతే మేమూ ఇలాగే అయిపోతామా అన్న భయం అది. మీ నవలకు ఆ భయం కావాలి.

ఇక పేరు సంగతి. మీ జీవిని ఒకచోట దయ్యం అన్నారు, ఇంకోచోట పిశాచం, మరోచోట రాక్షసి. ఈ మాటలు మీకు అడ్డం పడుతున్నాయి. మన దయ్యానికి ఒళ్ళు లేదు. దాని పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చెప్పుకుంటాం గానీ, ఆ పాదాన్ని కోసి ఎముకలు లెక్కపెట్టినవాళ్ళు లేరు. రాక్షసుడు అనగానే పురాణం వచ్చేస్తుంది, దేవుడు ఎలాగూ చంపుతాడని పాఠకుడు నిశ్చింతగా ఉంటాడు. యూరప్ వాళ్ళ పాత మాట మాన్‌స్టర్‌కు మన భాషలో దగ్గరగా ఉన్నది ఉత్పాతం. లాటిన్‌లో ఆ పదం హెచ్చరించడం అనే ధాతువు నుంచి వచ్చింది. రెండు తలల దూడ పుడితే అది రాబోయే చెడుకు గుర్తు. మన వరాహమిహిరుడి బృహత్సంహితలోనూ ఉత్పాతాల అధ్యాయంలో వింత జననాలు ఉన్నాయి. ఊళ్ళో అలాంటి దూడ పుడితే "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు" అనే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. అంటే మీ పాఠకుడికి ఈ భావం కొత్త కాదు.

పందొమ్మిదో శతాబ్దంలో జరిగిందేమిటంటే, ఆ ఉత్పాతాన్ని టేబుల్ మీద పడుకోబెట్టారు. పారిస్‌లో ఎటియెన్ జాఫ్రువా సాంతిలేర్ అనే జంతుశాస్త్రజ్ఞుడు కోడిగుడ్లను కుదిపి, గుచ్చి, పెంకు మీద పూత పూసి, లోపలి పిల్ల వికారంగా పెరిగేలా చెయ్యగలనా అని ప్రయత్నించాడు. చెయ్యగలిగాడు. ఆయన కొడుకు ఇసిదోర్ 1832లో మొదలుపెట్టి 1837 దాకా ఈ వికారాల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు, ఆ శాస్త్రానికి టెరటాలజీ అని పేరు పెట్టాడు. మొక్కలనూ జంతువులనూ జాతులుగా విభజించినట్టే వికృత జననాలనూ వర్గాలుగా విభజించి పేర్లు పెట్టాడు. వాళ్ళు చెప్పిన అసలు మాట ఇది: వికృతి ఇష్టమొచ్చినట్టు పుట్టదు, దానికీ నియమం ఉంది. అతుక్కుని పుట్టిన కవలలను చూడండి. ఛాతీ ఛాతీతో, తల తలతో, తుంటి తుంటితో అతుక్కుంటారు. ఒకరి తల ఇంకొకరి మోకాలికి అతుక్కోదు. మా మ్యూజియం అలమారలోనూ ఆ నియమం తప్పిన జాడీ నాకు ఒక్కటీ కనబడలేదు.

మీ జీవికి నాలుగు చేతులు పెట్టారు. మంచిది. రెండో జత భుజపుటెముకలు ఎక్కడ కూర్చున్నాయి? వాటిని లాగే కండరాలు ఎక్కడ మొదలయ్యాయి? అంత కండ ఉన్న ఛాతీలో ఊపిరితిత్తులకు చోటెంత మిగిలింది? చోటు తక్కువైతే అది ఎక్కువసేపు పరుగెత్తలేదు, పొంచి ఉండి ఒక్కసారిగా మీద పడాలి. చూశారా, ఒళ్ళు సరిగ్గా ఆలోచిస్తే దాని వేట పద్ధతి మీకు దానంతట అదే దొరికింది. డాక్టరు కూడా ఇలాగే, టేబుల్ మీది శవం నుంచి బతికున్నదాని నడవడికను పసిగట్టాలి. "దీని పళ్ళు నమలడానికి కావు, పట్టుకుని వేలాడడానికి" అని ఆయన నెమ్మదిగా అన్నాక, మూడు అధ్యాయాల తర్వాత అది నిజంగా వేలాడాలి.

ఇలాంటి పని చేసిన మనిషి లండన్‌లో నిజంగానే ఉన్నాడు. రిచర్డ్ ఓవెన్, సర్జన్ల కాలేజీ మ్యూజియం క్యురేటర్. 1839లో ఆయన దగ్గరికి న్యూజిలాండ్ నుంచి ఆరంగుళాల ఎముక ముక్క వచ్చింది. రెండు చివరలూ లేవు. చూసేవారికి గొడ్డు ఎముకలా ఉంది. ఆయన దాన్ని మ్యూజియంలోని ఎముకలన్నిటితో ఒక్కొక్కటిగా పోల్చి, ఇది పక్షిది, నిప్పుకోడి అంత పెద్ద, ఎగరలేని పక్షిది అన్నాడు. జువలాజికల్ సొసైటీలో సందేహాలు వచ్చాయి. 1843లో న్యూజిలాండ్ నుంచి పెట్టెల నిండా ఎముకలు వచ్చాయి. ఆయన చెప్పింది నిజమైంది. అది మోవా. ఆ నాలుగేళ్ళు ఆ మనిషికి ఎలా గడిచి ఉంటాయో ఆలోచించండి. ఒక ముక్క ఎముకను నమ్ముకుని, తన పరువంతా పణంగా పెట్టి ఎదురుచూడడం. మీ డాక్టరుకు అలాంటి నాలుగేళ్ళు ఇవ్వండి.

అదే ఓవెన్ ఇంకో వైపు కూడా చూపించాడు. 1848 ఆగస్టు 6న డెడలస్ అనే బ్రిటిష్ యుద్ధనౌక దక్షిణ అట్లాంటిక్‌లో గుడ్‌హోప్ అగ్రానికీ సెయింట్ హెలెనాకీ మధ్య వెళ్తుండగా, కెప్టెనూ అధికారులూ నీటి మీద పాములాంటి పెద్ద జీవిని చూశారు. తల నీళ్ళకు నాలుగడుగుల ఎత్తున ఉందట, ఒళ్ళు కనీసం 60 అడుగులు కనబడిందట. ఇరవై నిమిషాలపాటు చూశామని కెప్టెన్ మెక్‌వే నౌకాదళానికి రాసి ఇచ్చాడు. లండన్ పత్రికల నిండా అదే. ఓవెన్ టైమ్స్‌కు ఉత్తరం రాసి, మీరు చూసింది పెద్ద సీల్ అనే సముద్రజంతువు అయ్యుంటుందన్నాడు. సముద్రపు పాము ఉండి ఉంటే ఒక్క ఎముకైనా, ఒక్క వెన్నుపూసైనా ఇన్నేళ్ళలో ఏ ఒడ్డుకూ కొట్టుకురాలేదేం అన్నది ఆయన వాదన. కెప్టెన్ ఒప్పుకోలేదు, నేను చూసింది సీల్ కాదు అని జవాబిచ్చాడు. సముద్రం మీద బతికిన మనిషి కళ్ళు ఒకవైపు, మ్యూజియంలో కూర్చున్న మనిషి తర్కం ఒకవైపు. మీ నవలలో డాక్టరును ఎదిరించే పాత్ర లేదు. ఇలాంటి కెప్టెన్ ఒకడు కావాలి.

డాక్టరు మొదట చూసే వింత అబద్ధమైతే మంచిదని కూడా నా సలహా. 1822లో శామ్యూల్ ఈడ్స్ అనే కెప్టెన్ తను మొత్తంగా సొంతదారు కూడా కాని ఓడను అమ్మేసి ఒక ఎండిన మత్స్యకన్యను కొని లండన్ తెచ్చాడు. జనం డబ్బులిచ్చి చూశారు. ఓవెన్‌కు ముందు సర్జన్ల కాలేజీ మ్యూజియం చూసుకున్న విలియం క్లిఫ్ట్ దాన్ని పరిశీలించి, కోతిజాతి జంతువుల భాగాలకు చేప తోక కలిపి చేసిన బొమ్మ అని తేల్చాడు. అలాంటి మత్స్యకన్యనే బార్నమ్ అనే అమెరికా ప్రదర్శనల వ్యాపారి 1842లో న్యూయార్క్‌లో ప్రదర్శించి సొమ్ము చేసుకున్నాడు. మీ డాక్టరు మొదటి అధ్యాయంలో ఇలాంటి కుట్టుపని పట్టుకుని, మొహమాటం లేకుండా బయటపెట్టాలి. రెండో అధ్యాయంలో కూడా అదే అనుమానంతో కుట్ల కోసం వెతకాలి. వెంట్రుకలు పక్కకు తీసి చూడాలి, చర్మం అంచులు చూడాలి, భూతద్దం పెట్టి చూడాలి. కుట్టు దొరకదు. ఆ ఖాళీలో పాఠకుడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.

నిజమని తేలిన వింతల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పెద్ద స్క్విడ్ అనే, పొడవైన చేతులుండే సముద్రజీవి కథ. నావికులు శతాబ్దాలుగా చెప్తున్నా చదువుకున్నవాళ్ళు నవ్వేవారు. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు స్టీన్‌స్ట్రుప్ ఒడ్డుకు కొట్టుకొచ్చిన జీవి ముక్కు భాగాన్ని ఆధారం చేసుకుని 1857లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టాడు. 1861 నవంబరులో అలెక్టాన్ అనే ఫ్రెంచి ఓడ కెనరీ దీవుల దగ్గర ఒకదాన్ని ఉచ్చు వేసి లాగబోతే తోక వైపు ముక్క మాత్రమే చేతికొచ్చింది. 1873 అక్టోబరులో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపలు పట్టేవాళ్ళ చిన్న పడవ మీదికి ఒకటి చేతులు చాచింది. గొడ్డలితో నరికితే తెగిపడ్డ ముక్క 19 అడుగులు. అది మోజెస్ హార్వే అనే మతబోధకుడి చేతికి వచ్చింది. కొద్ది వారాలకే ఇంకో జీవి వలలో చిక్కితే పది డాలర్లకు కొని ఇంటికి తెప్పించాడు. ఫొటో తియ్యాలంటే దాన్ని ఎక్కడో వేలాడదియ్యాలి కదా. స్నానపు తొట్టికి తెర కట్టే కమ్మీ మీద ఆ చేతులన్నీ పరిచి ఫొటో తీయించాడు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. సముద్రపు అడుగున ఉండాల్సింది ఒక ఇంటి స్నానపు తొట్టి మీద వేలాడుతోంది. మీరు రాసిన శ్మశానం దృశ్యాల కన్నా ఆ ఒక్క ఫొటోలో నాకు ఎక్కువ భయం కనబడింది. మీ డాక్టరు ఇంట్లోకి తీసుకెళ్ళండి పాఠకుణ్ణి. ఆయన భార్య ఏ గదిలోకి వెళ్ళడం మానేసిందో చెప్పండి.

వివరాల్లో కొన్ని తప్పులు దొర్లాయి, సరిచేసుకోండి. మీరు 1884లో జాడీలో ఫార్మలిన్ పోయించారు. ఫార్మలిన్‌తో శరీర భాగాలు నిలవ చెయ్యవచ్చని ఫెర్డినాండ్ బ్లూమ్ గమనించింది 1893లో. అంతకుముందు వాడింది సారా. కాబట్టి మీ డాక్టరు గదిలో కళ్ళు మండించే ఘాటు ఉండకూడదు. సారా దుకాణం వాసన ఉండాలి, దాని కింద ఇంకో వాసన ఉండాలి. సారాలో పడ్డ మాంసానికి రంగు పోతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ఏ జీవి అయినా పాలిపోయిన మైనంలా అవుతుంది. సారా ఆవిరైపోకుండా జాడీ మూతి మీద పంది మూత్రాశయపు పొర సాగదీసి కట్టి, దాని మీద సీసపు రేకు వేసి, పైన నల్లరంగు పూసేవారు. మూత తీయడం అంటే అదంతా కోసి తీయడం. మీరు రాసినట్టు ఒక్క చేత్తో ఊడిరాదు. ఇంత గాజు ఒక మామూలు డాక్టరు కొనగలడా అంటే, 1845లో గాజు మీద పన్ను ఎత్తేశాక కొనగలడు.

నెత్తురు పరీక్ష కూడా తియ్యండి. గోడ మీది మరక మనిషి నెత్తురో జంతువు నెత్తురో కచ్చితంగా తేల్చే పరీక్ష జర్మనీలో ఊలెన్‌హూట్ 1901లో చెప్పాడు. వేలిముద్రల విభాగం స్కాట్లండ్ యార్డులో మొదలైందీ అదే ఏడాది. ఎక్స్-రే 1895. చీకట్లో ఫొటో తియ్యాలంటే వెలుగిచ్చే పొడి 1887కి గానీ రాలేదు. ఇవేవీ లేకపోవడం మీకు నష్టమేమీ కాదు. మరక ఎవరిదో మీ డాక్టరు తేల్చలేడు. తేల్చలేక, వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటాడా? మీరే నిర్ణయించుకోండి.

కథను మూడో మనిషి చెప్తున్నట్టు కాకుండా కాగితాల రూపంలో చెప్పే ఆలోచన చెయ్యండి. 1897లో వచ్చిన డ్రాక్యులా నవల మొత్తం డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికల కత్తిరింపులు, ఫోనోగ్రాఫ్‌లో చెప్పిన మాటలతో నడుస్తుంది. అప్పటికి ఫోనోగ్రాఫ్ కొత్త వస్తువు. మీకు ఇంకా దగ్గరి రూపం ఒకటి ఉంది, స్పెసిమెన్ రిజిస్టర్. నంబరు, తేదీ, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు, కొలతలు, వ్యాఖ్య. ఒక్కో అధ్యాయం ముందు ఒక్కో నమోదు పెట్టండి. ఇరవయ్యో అధ్యాయం ముందున్న నమోదులో కొలతలు మనిషివి అయ్యుండాలి.

ఆ రిజిస్టర్ గురించి నేను ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాకు తెలిసిన భయమంతా అందులోనే ఉంది.

నేను మ్యూజియం బాధ్యత తీసుకున్న కొత్తలో, ఒక అమ్మాయి పై అరలోని జాడీ దగ్గర చాలాసేపు నిలబడింది. పుర్రె పైభాగం ఏర్పడని శిశువు అది. పరీక్షలో తప్పకుండా అడిగే స్పెసిమెన్. నేను లక్షణాలన్నీ చెప్పాను, కారణాలు చెప్పాను, ఫోలిక్ యాసిడ్ గురించి చెప్పాను. అంతా రాసుకున్నాక ఆ అమ్మాయి "ఇది ఎవరి బిడ్డ మేడమ్?" అంది. నాకు తెలియదు. ఆ సాయంత్రం పాత రిజిస్టర్ తీసి చూశాను. నంబరుంది. తేదీ ఉంది. ఎన్ని వారాల పిండమో ఉంది, బరువు గ్రాములతో సహా ఉంది. తల్లి పేరు ఉండాల్సిన చోట గడే లేదు. ఎవరూ దాచలేదు, ఎవరూ చెరపలేదు. ఆ గడి గీయాలని ఎవరికీ తోచలేదు, అంతే. అప్పటికి ఆ జాడీని చూపించి నేను ఎంతమందికి పాఠం చెప్పానో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక విక్టోరియన్ కాలానికి రండి. దానికి కొన్నేళ్ళ ముందు, ఎడిన్‌బరోలో 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు 16 మందిని చంపి, శవాలను రాబర్ట్ నాక్స్ అనే అనాటమీ ఉపన్యాసకుడికి అమ్మారు. బర్క్‌ను 1829 జనవరిలో ఉరితీసి, కోసి, అస్థిపంజరాన్ని మ్యూజియంలో పెట్టారు. శవాల వ్యాపారం ఆపడానికి 1832లో అనాటమీ చట్టం తెచ్చారు. ఆ చట్టం వల్ల, అడగడానికి అయినవాళ్ళు రాని శవాలు కోతగదులకు వెళ్ళాయి. అలాంటి శవాలు ఎక్కువగా ఎక్కడుంటాయి? బీదల వసతిగృహాల్లో, ధర్మాసుపత్రుల్లో. అప్పటిదాకా కోత అనేది హంతకుడికి వేసే శిక్ష. ఆ తర్వాత పేదవాడిగా చచ్చిపోయినా అదే దక్కింది. మీ డాక్టరు చదువుకున్నది ఆ శవాల మీదే. ఆయన గుమ్మం ముందు రాత్రిపూట బండి ఆగితే, అందులో ఉన్నది వికృతజీవి కావచ్చు, వారం కిందట అదే వీధిలో అగ్గిపెట్టెలు అమ్మిన ముసలామె కావచ్చు. ఆయన రెండింటికీ ఒకే టేబుల్ వాడతాడు.

చార్లెస్ బైర్న్ కథ చదివారా? ఐర్లండ్ నుంచి వచ్చిన ఏడడుగుల ఏడంగుళాల మనిషి, లండన్‌లో తన ఎత్తు చూపించి బతికాడు. జాన్ హంటర్ అనే సర్జన్ తన ఎముకల కోసం కాచుకున్నాడని తెలిసి, చచ్చాక నన్ను సీసపు పెట్టెలో పెట్టి సముద్రంలో ముంచెయ్యండి అని స్నేహితులను వేడుకున్నాడు. 1783లో, 22 ఏళ్ళకు చనిపోయాడు. హంటర్ లంచమిచ్చి శవాన్ని సంపాదించాడు. విక్టోరియా రాణి కాలమంతా ఆ అస్థిపంజరం లండన్ మ్యూజియంలో జనం ముందు నిలబడే ఉంది. 2023లో మ్యూజియం మళ్ళీ తెరిచినప్పుడు గానీ ప్రదర్శన నుంచి తీసెయ్యలేదు. జూలియా పాస్ట్రానా సంగతి ఇంకా ఘోరం. ఒళ్ళంతా వెంట్రుకలు ఉండే మెక్సికో స్త్రీ. ఆమెను ఊరూరా చూపించిన మనిషే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. 1860లో మాస్కోలో కాన్పయ్యాక బిడ్డా ఆమే చనిపోతే, ఇద్దరి శవాలనూ చెడిపోకుండా చేయించి మళ్ళీ ఊరూరా తిప్పాడు. ఆమెను సొంత దేశంలో పాతిపెట్టింది 2013లో.

జోసెఫ్ మెరిక్ గురించి మీకు తెలిసే ఉంటుంది, మీ నాలుగో అధ్యాయంలో ఆయన ఛాయలున్న పాత్ర ఉంది. ఆ పాత్రను జీవి అనడం మానెయ్యండి, దయచేసి. మెరిక్ లెస్టర్‌లో 1862లో పుట్టాడు. ఎముకలూ చర్మమూ విపరీతంగా పెరిగిపోయే జబ్బు. పని దొరక్క బీదల వసతిగృహంలో నాలుగేళ్ళు గడిపాడు, అక్కడి నుంచి బయటపడడానికి తనను తాను ప్రదర్శనకు పెట్టుకున్నాడు. 1884లో లండన్ ఆసుపత్రి సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ ఆసుపత్రికి ఎదురుగా ఉన్న దుకాణంలో ఆయన్ను చూసి, ఆ డిసెంబరులో పాథలాజికల్ సొసైటీ సభ్యుల ముందు నిలబెట్టాడు. 1886 నుంచి మెరిక్ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఒక్క చెయ్యే సరిగ్గా పనిచేసేది, దానితోనే అట్టముక్కలతో చర్చి నమూనా కట్టాడు, అది ఇప్పటికీ ఉంది. 1890 ఏప్రిల్‌లో 27 ఏళ్ళకు చనిపోయాడు. ట్రీవ్స్ చెడ్డవాడు కాదు. ఆయనకు నీడ ఇప్పించాడు, దగ్గర కూర్చుని మాట్లాడాడు. అయినా 1923లో తన జ్ఞాపకాలు అచ్చువేసినప్పుడు మెరిక్ పేరు జోసెఫ్ అని కాక జాన్ అని రాశాడు. అన్నేళ్ళు చూసిన మనిషి, తల చుట్టుకొలత ఎంతో తెలిసిన మనిషి, పేరు తప్పు రాశాడు. ఆ పుస్తకం చదివిన రోజు నాకు మా మ్యూజియం రిజిస్టరే గుర్తొచ్చింది.

మీ నవలకు నడుము ఇదే అని నేను నమ్ముతున్నాను. డాక్టరు వికృతజీవుల కోసం ఒక పుస్తకం పెట్టాడు. ప్రతి జీవికీ లాటిన్ పేరు పెట్టాడు. వాటివల్ల చచ్చిపోయిన మనుషులను "ఆధారం 1", "ఆధారం 2" అని రాశాడు. రాసుకునే మనిషి ఎక్కడో ఒకచోట ఆ మనుషుల పేర్లు అంచున పెన్సిల్‌తో రాయడం మొదలుపెట్టాలి. డాక్టరు అది చూడాలి. ఆ గదిలో వాళ్ళిద్దరి మధ్య జరిగేది మీ కథలో అన్నిటికన్నా పెద్ద దృశ్యం అవుతుంది.

తెలుగు పాఠకుడికి దగ్గరగా ఉండే పాత్ర పెట్టాలా అని చివర్లో అడిగారు. బలవంతంగా వద్దు. కానీ ఆ కాలపు లండన్ ఓడరేవుల్లో భారతీయ నావికులు ఉన్నారు, లైమ్‌హౌస్‌లో 1857లో ఆసియా నావికుల కోసం వసతిగృహమే తెరిచారు. మన కోరంగి ఒకప్పుడు పేరున్న ఓడల రేవు, కాబట్టి అక్కడి మనిషి ఒకడు మీ కథలో కనబడితే వింతేమీ కాదు. వాడికి ఏం తెలిసి ఉండాలో కూడా చెప్తాను. అంతకుముందు బ్రిటిష్ డాక్టర్లు మన నేల మీద జీవులను వెతికిన తీరు చూడండి. పాట్రిక్ రసెల్ విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో పెద్ద గ్రంథం అచ్చువేశాడు, రక్తపింజరికి ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరే. నెల్లూరులో సర్జన్‌గా చేసిన థామస్ జెర్డన్ పేరు మీద 1848లో ఒక పిట్ట శాస్త్రలోకానికి పరిచయమైంది. 1900 తర్వాత అది కనబడలేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికింది. దానికి పుస్తకాల్లో జెర్డన్ పేరుంది. అక్కడ వేటకు తిరిగేవాళ్ళకు మాత్రం అది కలివికోడి. శాస్త్రం పోయిందన్న పిట్టకు ఊరి భాషలో పేరు బతికే ఉంది. మీ కోరంగి నావికుడు డాక్టరు టేబుల్ మీదున్నదాన్ని చూసి, భయపడకుండా, చిన్నప్పటి నుంచి తెలిసిన పేరు పెట్టి పిలిస్తే? డాక్టరు ఆ పేరు రాసుకోడు. రాసుకోనందుకు ఎవరో ప్రాణం పోగొట్టుకుంటారు.

ముందు రెండో అధ్యాయం తిరగరాయండి. పొగమంచు తీసెయ్యండి, మీకు అక్కడ అక్కర్లేదు. గదిలో సారా వాసన, దీపం, టేపు, ఇద్దరు మనుషులు చాలు. మూత తీసిన దగ్గర మొదలుపెట్టి, కడుపు కోసి లోపల దొరికిన వస్తువు దగ్గర ఆపండి. అది ఉంగరం అని మీరు రాశారు. ఉంగరాలు చాలా కథల్లో దొరికాయి. బీదల వసతిగృహంలో ఇచ్చే బట్టల మీద అక్కడి ముద్ర ఉంటుంది, ఆ గుడ్డముక్క దొరకనివ్వండి. దానివల్ల తిన్నది ఎవరినో తెలియదు, ఎక్కడివాళ్ళనో మాత్రం తెలుస్తుంది. రాసి ఇక్కడే పెట్టండి, నేను చదువుతాను. ఎముకల పేర్లు తెలుగులో రాయాలంటే అడగండి, నా పాత నోట్సులో చాలావరకు ఉన్నాయి.